జిల్లాకు రెండు శాతం

సిస్టర్ ఫిలోమినా గుడ్డ సంచీలోంచి గ్లాసు తీసి బల్ల మీద నిలబెట్టబోయింది. అది నిలబడలేదు. నడుం పడిపోయిన మనిషిలా ఒక పక్కకి ఒరిగి, మూతి వంకర పెట్టుకుని పడుకుంది.

"ఇది మీదేనా తల్లీ?" అంది.

సువర్చల గ్లాసు తిరగేసి చూసింది. అడుగున రాష్ట్ర పాలిమర్ వినియోగ సంస్థ ముద్ర, దాని కింద 'వేడి పానీయములకు యోగ్యము' అన్న అక్షరాలు. మొత్తం గ్లాసులో వంకర పోనిది ఆ ముద్ర ఒక్కటే.

"మాదేనండీ."

"మొన్న పొద్దున రాగిజావ పోశాం. ఎనిమిదో మంచం ముసలామె, ఓబులమ్మ అని, రెండు చేతుల్తో పట్టుకుంది పాపం. గ్లాసు చేతుల్లోనే కూలబడిపోయింది. తొడ మీద ఇంతమేర బొబ్బలు." సిస్టర్ అరచెయ్యి చాపి చూపించింది. "జ్వరానికొచ్చిన మనిషికి కాలిన గాయాలకి మందు రాస్తున్నా. యోగ్యం అని ఎవరు రాశారో ఆయన్ని ఒకసారి మా వార్డుకి పంపించండి. జావ పోస్తాను."

సిస్టర్ ఫిలోమినా పెద్దాసుపత్రిలో జ్వరాల వార్డు చూస్తుంది. మామూలు ప్లాస్టిక్ గ్లాసులు వద్దని ప్రభుత్వం ఆపేశాక, మొక్కజొన్న పిండి నుంచి తీసిన కొత్త రకం పాలియెస్టర్ గ్లాసులు వచ్చాయి. వాడి గుంతలో పారేస్తే మట్టిలో కలిసిపోతాయి. అంతవరకూ బాగానే ఉంది. మట్టిలో కలవడానికి ముందు మనిషి చేతిలో కలిసిపోవడమే చిక్కు.

ఆ గ్లాసు పరీక్షలో ఎలా నెగ్గిందో సువర్చలకి ముందు అర్థం కాలేదు. ఆమె ఆ సంస్థలో ఉష్ణ పరీక్షల విభాగానికి అధికారి. విభాగం అంటే ఆమె, ఒక యంత్రం, ఒక కుర్చీ. పంతొమ్మిదేళ్ల నౌకరీ. కానీ గ్లాసులు ఆమె దగ్గరకి రావు, నాణ్యతా విభాగానికి పోతాయి. ఆ ఫైలు తెప్పించి చూసింది. నియమావళి పదకొండో పేజీలో ఇలా ఉంది: 'గ్లాసును క్యాంటీను తేనీటితో నింపి పది నిమిషములు పరిశీలించవలెను.' నింపారు. పరిశీలించారు. గ్లాసు చెక్కు చెదరలేదు.

మర్నాడు ఆమె ఆ టీ వెనకాలే నడిచింది. క్యాంటీనులో పొయ్యి మీంచి దిగేటప్పుడు అది సలసలా కాగుతూనే ఉంది. అయితే ఆ సంస్థలో ఒక మర్యాద ఉంది. డైరెక్టరుగారు మొదటి గుక్క తాగేదాకా ట్రే ఇంకో గది గడప తొక్కకూడదు. ఫోనులో మాట ముగిసేదాకా ఆయన గుక్క తాగరు. ఆ తర్వాత ఉపసంచాలకులు, పరిపాలనాధికారి, స్టోర్సు, ఆపైన మిగిలితే ప్రయోగశాల. అక్కడికి చేరేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది. సువర్చల అందులో థర్మామీటరు ముంచింది. నలభై మూడు డిగ్రీలు. గ్లాసు మెత్తబడేది యాభై ఎనిమిది దగ్గర. పదిహేనేళ్లుగా ఆ సంస్థలో ఏ గ్లాసూ పరీక్ష తప్పలేదు. ఏ గ్లాసూ వేడి టీ మొహం చూడనూ లేదు.

ఆమె రాసిన నోటుకి డైరెక్టరుగారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది: 'పరీక్ష నియమావళి ప్రకారమే జరిగినది. తేనీరు చల్లారుట క్యాంటీనుకు సంబంధించిన అంశము. క్యాంటీను కమిటీకి పంపుడు.'

సిస్టర్ మాత్రం జవాబు కోసం రాలేదు. "వానలు పడ్డాయంటే మంచాలు వరండా దాకా పోతాయి. ఆరొందల గ్లాసులు కావాలి. స్టీలువి రోజూ మరగబెట్టడానికి మనుషుల్లేరు. కుండ గ్లాసులు పగిలి ఒట్టి కాళ్లకి గుచ్చుకుంటాయి. ఇవే కావాలి, కాని కాలకూడదు. మీవల్ల అవుద్దా?"

"వానల్లోపు ఇస్తాను," అంది సువర్చల. ఫైలు నంబరు లేకుండా ఆమె ఇచ్చిన మొదటి మాట అది.

*

జబ్బేమిటో ఆమెకి తెలుసు. ఈ పాలియెస్టర్ బద్ధకపుది. కరిగించి అచ్చులో పోస్తే పలుకు కట్టేలోపే చల్లారిపోయి, ఎక్కడిది అక్కడ చిందరవందరగా బిగుసుకుంటుంది. కాస్త వేడి తగిలితే చాలు, మళ్లీ కదలడం మొదలెడుతుంది. నెయ్యి గిన్నెని గబగబా చన్నీళ్లలో పెట్టి చల్లార్చితే పూసకట్టదు కదా, అలాగ. పూసకట్టాలంటే నిదానం కావాలి, పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారమూ కావాలి. పటికబెల్లం చేసేవాళ్లు పాకంలో దారం వేలాడదీస్తారు. పలుకులన్నీ ఆ దారాన్ని పట్టుకునే కడతాయి. పాలియెస్టర్ కి అలాంటి దారం సన్నటి బంకమట్టి.

ఆ మట్టిని ఆమె ఊరి బయట గుంటలోంచి తెప్పించింది. నీళ్లలో కలిపి, ఇసక కిందికి దిగాక పైతేట ఒంచి, మళ్లీ తేర్చి, ఆరబెట్టి, నూరి, పట్టుగుడ్డలో జల్లించి, చెమ్మ అన్నది లేకుండా పొయ్యి మీద వేడిచేసి, డబ్బాలో మూత పెట్టింది. ఒక శాతం కలిపి చూసింది. రెండు, మూడు, అయిదు. ప్రతిసారీ చిటికెడు ముక్క యంత్రంలో పెట్టి, వేడి చేసి, చల్లారుస్తూ గీత చూసింది. గీతలో చిన్న గుట్ట లేస్తే పలుకు కడుతున్నట్టు. ఉత్త పాలియెస్టర్ కి గుట్ట ఉందా లేదా అన్నట్టుంది. రెండు శాతం దగ్గర గుట్ట ముందుకి జరిగి, కొస తేలి నిలబడింది. అయిదు దగ్గర మట్టి ఉండలు కట్టి, గ్లాసు అప్పడంలా విరిగింది.

"రెండు," అంది సువర్చల.

"రెండంటే రెండే," అన్నాడు దస్తగిరి. అచ్చుయంత్రం నడిపేది ఆయనే. ముప్పై ఏళ్ల అనుభవం, మరో రెండేళ్లలో రిటైరవుతాడు. అచ్చుని కాస్త వెచ్చగా ఉంచి, నిదానంగా చల్లారనిచ్చి, గ్లాసు బయటికి తీశాడు. పల్చటి మజ్జిగ రంగులో ఉంది. యంత్రాల షెడ్డులో ఎవరికీ తెలీకుండా పెట్టుకున్న పొయ్యి మీంచి కాగుతున్న టీ తెచ్చి అందులో పోశాడు.

ఇద్దరూ పది నిమిషాలు దానికేసే చూశారు. గ్లాసు కదల్లేదు.

"ఈ ఆఫీసులో యేడి టీ తాగిన తొలి గ్లాసు ఇదే మేడమ్మా," అన్నాడు దస్తగిరి.

*

ఆమె నివేదిక డైరెక్టరుగారి బల్ల మీద మూడు వారాలు పడుకుంది. నాలుగో వారం రాష్ట్రంలో 'మన మట్టి' ఉద్యమం మొదలైంది. ఎవరు మొదలెట్టారో తెలీదు, అందరూ కొనసాగించారు. సభలు జ్యోతి వెలిగించడంతో కాక మట్టి కుండకి దండ వెయ్యడంతో మొదలయ్యేవి. ఆఫీసర్లు గదిలోకి వచ్చేటప్పుడు గుమ్మంలో పెట్టిన పళ్లెంలోంచి చిటికెడు మన్ను నుదుట పెట్టుకునేవారు. ఏసీ గదుల్లో చెమట పట్టక అది రాలిపోతుంటే, జిగురు కలిపిన మట్టి సరఫరా చెయ్యాలని ఒక సర్క్యులర్ కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడు డైరెక్టరు గరుడాచలంగారి కంట నివేదికలోని 'మట్టి' అన్న మాట పడింది.

"ప్లాస్టిక్ లో మట్టి!" అన్నాడాయన, కుర్చీలోంచి లేచి. ఆయన డాక్టరే గాని, డాక్టరేటు కార్యాలయ నిర్వహణలో. "ఎంత పెద్ద మాట రాశావమ్మా! రాసి, ఇంత చిన్న అక్షరాల్లో పెడతావా?"

సువర్చల పటికబెల్లం, దారం సంగతి చెప్పింది. ఆయన ఆనందంగా విన్నాడు.

"అయితే దారం ఇంకాస్త ఎక్కువ వేద్దాం."

"ఎక్కువ వేస్తే పటికబెల్లం రాదు సార్. దారపుండ వస్తుంది."

"ఉపమానాలు నాకొదిలెయ్," అన్నాడు గరుడాచలం.

వారం తిరక్కుండా ఉన్నతస్థాయి కమిటీ కూర్చుంది. సచివాలయం నుంచి సంయుక్త కార్యదర్శి త్రివిక్రమరావు వచ్చాడు. ఏ వాక్యమైనా సరే శాసనసభలో ఎవరో లేచి అడుగుతున్నట్టు ఊహించుకుని మాట్లాడతాడాయన.

"ఈ రెండు శాతం మట్టి ఏ జిల్లాదమ్మా?"

"ఇక్కడిదే సార్. ఊరి బయట గుంటలోది."

"అంటే ఒకే ఒక్క జిల్లాది."

"జిల్లాతో పని లేదు సార్. ఆ మట్టిలో ఒక ఖనిజం ఉంటుంది, పొరలు పొరలుగా..."

"పని లేదని మీరంటారు. రేపు సభలో అడుగుతారు. మా జిల్లా మట్టికి రాష్ట్ర గ్లాసులో స్థానమెందుకు లేదు, మా జిల్లా ప్రజలకు జ్వరాలు రావా అని అడుగుతారు. ఏం చెప్పమంటారు? మీ మట్టిలో పొరలు లేవని చెప్పమంటారా?"

గరుడాచలం గొంతు సవరించుకున్నాడు. "అన్ని జిల్లాలకూ సముచిత స్థానం కల్పించవచ్చు సార్. శాస్త్రీయంగా నిరూపితమైన పరిమాణం రెండు శాతం. కనుక జిల్లాకు రెండు శాతం."

అప్పటికి జిల్లాలు ముప్పై ఒకటి. ఎవరో ఫోనులో నొక్కి చూసి, "అరవై రెండు," అన్నారు. "ఫస్టు క్లాసు!" అన్నారు ఇంకెవరో. అందరూ సంతోషించారు.

"సార్," అంది సువర్చల. "రెండన్నది మొత్తానికి. అన్ని జిల్లాలవీ కలపాలనుకుంటే ఆ రెండునే అందరికీ పంచాలి."

"పంచితే తలకి ఎంతొస్తుంది?"

"సున్నా పాయింటు సున్నా ఆరు."

త్రివిక్రమరావు కళ్లద్దాలు తీసి ఆమెకేసి చూశాడు. "ఒక జిల్లా గౌరవం సున్నాతో మొదలవ్వాలా అమ్మా?"

"గ్లాసు నిలబడదు సార్."

"మంచిది. ఏయే జిల్లాలకి కోత పెట్టాలో జాబితా రాసి సంతకం పెట్టివ్వండి. నేనే సభకు సమర్పిస్తాను."

ఆమె రాయలేదు. సాయంత్రం వచ్చిన తీర్మానంలో ఇలా ఉంది: 'సాంకేతిక అధికారి శ్రీమతి సువర్చల గారి అమూల్య సూచన మేరకు జిల్లాకు రెండు శాతం చొప్పున కలుపుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

*

మట్టి రాక మొదలైంది. లారీలు బ్యానర్లు కట్టుకుని వచ్చాయి. ఒక జిల్లా వాళ్లు ఇత్తడి బిందెలో, పసుపు కుంకుమలతో పంపారు. ఇంకో జిల్లా మట్టి మీద పచ్చగడ్డి మొలిచి ఉంది. అది వాడకుండా దారి పొడుగునా ఒక తహసీల్దారు నీళ్లు చల్లుకుంటూ వచ్చాడు. సముద్రపు జిల్లా ఇసక పంపి, 'మా వద్ద ఇదియే లభ్యము' అని రాసింది. అంతా నగరమే అయిన జిల్లాలో మట్టి దొరక్క, కలెక్టరు బంగళా పూలకుండీలు బోర్లించి పంపారు, క్రోటను వేళ్లతో సహా. ఒకరు సారానికి సాక్ష్యంగా వానపాముల్ని కూడా పంపి, వాటికి విడిగా రసీదు అడిగారు.

"కడిగి ఆరబెట్టాలి," అని సువర్చల రాసింది. "తడి తగిలితే ఈ పాలియెస్టర్ కరిగేటప్పుడు తునాతునకలవుతుంది."

జవాబుగా ఉత్తర్వు వచ్చింది: 'మట్టిని కడుగుట అనగా మట్టి మలినమైనదని అంగీకరించుటయే అగును. కావున కడగరాదు. జల్లెడ పట్టుట వలన కొంత మట్టి తిరస్కరణకు గురియగును. కావున పట్టరాదు. సదరు మట్టిలోని తేమ సదరు జిల్లాకు చెందిన సంపద. కావున ఆరబెట్టరాదు.'

దాని కిందే ఇంకో పేరా: 'ఒక జిల్లా మట్టి మరొక జిల్లా మట్టితో నిర్ణీత ముహూర్తమునకు పూర్వము కలియరాదు. ప్రతి జిల్లా మట్టిని పాలియెస్టర్ తో విడిగా కరిగించి గుళికలు చేసి, పిమ్మట యంత్రమును సంపూర్ణముగా శుద్ధి చేసి, అటుపై తరువాతి జిల్లాను స్వీకరించవలెను.'

మొదటి జిల్లా మట్టి పడగానే యంత్రం బోండాలు వేసిన మూకుడులా చిటపటలాడింది. దస్తగిరి వెనక్కి దూకాడు.

"ఏంది మేడమ్మా ఇది! గులకరాళ్లు గూడా కరగాలంటాండారా?"

"జిల్లా సంపద."

"నా మర అయిపాయె. ఇంతోటి దానికి మా ఈదిలో కుమ్మరి యంగటయ్యకి చెప్తే నాలుగు దినాల్లో చేసిస్తాడు గదా."

"పగిలి కాళ్లకి గుచ్చుకుంటాయట. సిస్టర్ చెప్పింది."

చెక్కలు చెక్కలుగా నల్లటి గుళికలు వచ్చాయి. వాటిని జిల్లా పేరున్న సంచీలోకి ఎత్తారు. ఇక యంత్రం కడగాలి. కడగడమంటే నీళ్లతో కాదు. మంచి పాలియెస్టర్ వేసి నడిపితే, లోపల అంటుకున్న పాతదాన్ని అది తోసుకుంటూ బయటికి వస్తుంది. దాన్ని కడుగుడు మాలు అంటారు. ఊరికే వదిలేస్తే నేల మీద పేడకడిలా పడుతుందని, దస్తగిరి ఎప్పుడూ దాన్ని అచ్చులోకి పోనిస్తాడు. పాతికేళ్ల అలవాటు. మొదట వచ్చే నాలుగు ముక్కలు మురికిగా ఉంటాయి. తర్వాతవి శుభ్రంగా ఉంటాయి. అన్నీ వ్యర్థం పుస్తకంలోకే ఎక్కుతాయి.

"ఉత్తదాంతో తోమితే ఈ మన్ను పోదు మేడమ్మా," అన్నాడు దస్తగిరి. "కొంచిం గరుకుండాల."

ఇత్తడి చెంబులు మట్టితో తోమే చేతులు సువర్చలవి. గోడవార డబ్బా చూసింది. కడిగి, తేర్చి, పట్టుగుడ్డలో జల్లించిన బంకమట్టి, రెండు శాతం కలిపి చేసిపెట్టిన గుళికలు. నివేదిక తర్వాత వాటిని ఎవరూ అడగలేదు.

"ఇది కాస్త గరుకుగా ఉంటుంది," అంది.

దస్తగిరి డబ్బా చూశాడు, ఆమె మొహం చూశాడు. అచ్చుని వెచ్చబెట్టాడు.

నాలుగు మురికి ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత, మజ్జిగ రంగులో, ఇరవై గ్లాసులు.

సువర్చల వాటిలోంచి ఒకటి తీసి, మరిగే నీళ్లు పోసి, పది నిమిషాలు గడియారం చూసింది. తర్వాత వ్యర్థం పుస్తకం తెరిచి, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో రాసింది: 'జిల్లా ఒకటి అనంతరం కడుగుడు మాలు. గ్లాసు ఆకారపు ముక్కలు ఇరవై. మరుగునీటికి నిలిచినవి. వ్యర్థం.'

ముప్పై ఒకటి ఇరవైలు ఆరొందల ఇరవై. పలక మీద లెక్క చేసే పిల్లలా ఆమె దాన్ని రెండుసార్లు వేసి చూసుకుంది.

వ్యర్థాన్ని ఏం చెయ్యాలో కూడా నియమావళిలో ఉంది. మట్టిలో కలిసే రకమైతే ఎరువు గుంత ఉన్న సంస్థకి అప్పగించాలి. పెద్దాసుపత్రికి గుంత ఉంది. మర్నాడే సిస్టర్ ఫిలోమినా సూపరింటెండెంటు సంతకంతో కాయితం తెచ్చింది: 'సదరు వ్యర్థమును మా గుంత నిమిత్తము ఇప్పించ ప్రార్థన.'

"గుంతలోకే పోతాయిలెండి," అంది సిస్టర్. "మధ్యలో ఒకసారి జావ తాగి పోతాయి. అబద్ధం ఏముంది?"

*

పంతొమ్మిది జిల్లాలు అయ్యేసరికి డైరెక్టరుగారికి ఆత్రం ఎక్కువైంది. అప్పటిదాకా ఉన్న గుళికలతో, తక్కినవాటి బదులు ఉత్త మట్టి కలిపి, అరవై రెండు శాతం గ్లాసు నమూనా ఒకటి వెంటనే చెయ్యమన్నాడు. అది యంత్రంలో కదల్లేదు. దస్తగిరి చేత్తోనే పిసికి, అచ్చుకి అదిమి, ఎండలో పెట్టాడు. అక్కడక్కడ పాలియెస్టర్ సగ్గుబియ్యంలా కనిపించింది. ఒక చోట గడ్డిపోచ ఉంది.

సువర్చల దానిలోంచి ఒక రవ్వ తీసి తన ఉష్ణ పరీక్ష యంత్రంలో పెట్టింది. ఆ రవ్వలో పాలియెస్టర్ తగల్లేదు. గీత బల్లపరుపుగా వచ్చింది.

గరుడాచలం ఆ కాయితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాడు. "కరిగే గుట్టే లేదే!"

"కరగడానికి అందులో ఏమీ లేదు సార్. అది మన్ను."

"కరగనిది! అంటే సంపూర్ణ ఉష్ణ స్థిరత్వం! చూడమ్మా, రెండు శాతం దగ్గర నువ్వు గుట్టని జరిపావు. మేం గుట్టనే లేకుండా చేశాం." ఆయన కళ్లు మెరిశాయి. "జిల్లాలు యాభై అయిన నాడు పాలియెస్టర్ అవసరమే ఉండదు. అప్పుడు ఇది నూటికి నూరుపాళ్లు స్వదేశీ ప్లాస్టిక్."

ఆమె గ్లాసులో చెంచాడు నీళ్లు పోసింది. గ్లాసు అడుగు నిశ్శబ్దంగా ఊడి బల్ల మీద బురదైంది.

ఆయన బురదకేసి కాక ఆమెకేసి చూశాడు. "నియమావళిలో నీళ్ల పరీక్ష లేదు."

"టీ పరీక్ష ఉంది."

"దాన్ని సవరించాం. నువ్వేగా టీ చల్లగా వస్తోందని రాశావు? క్యాంటీను కమిటీ పరిశీలించి, నమ్మదగని టీని పరీక్ష నుంచి తొలగించింది. ఇకమీద గ్లాసును నింపకుండా పది నిమిషాలు పరిశీలించాలి." కాయితం ఆమె ముందుకి తోశాడు. "ఉష్ణ విభాగం సంతకం కావాలి."

"పెట్టలేను సార్. రోగులు కాలతారు."

"పెట్టకపోతే ప్రాజెక్టు ఆపేస్తాను. రేపట్నుంచి ఇరవయ్యో జిల్లా మట్టి యంత్రంలో పడదు. దానికి నువ్వే బాధ్యురాలివి."

సువర్చల కాయితం తీసుకుని తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. జిల్లా పడకపోతే కడగడం లేదు. కడగడం లేకపోతే గ్లాసులు లేవు. మూడొందల ఎనభై దగ్గర ఆగిపోతుంది. కిటికీ అవతల మబ్బులు ఊరి మీదికి దిగుతున్నాయి. పంతొమ్మిదేళ్లలో ఆమె అబద్ధం మీద సంతకం పెట్టలేదు. ఇప్పుడు నిజం మీద పెడితే వరండాలో మంచాలకి జావ లేదు.

గంటసేపు కూర్చుంది. తర్వాత కలం తీసి, ఖాళీగా ఉన్న చోట ఒకే వాక్యం రాసింది: 'ఏ ద్రవమూ పోయనంత కాలం ఈ గ్లాసు నిలిచి ఉంటుంది.' కింద సంతకం, తేదీ.

గరుడాచలం వాక్యాన్ని చివర్నుంచి చదివాడు. "నిలిచి ఉంటుంది!" అన్నాడు. "భేష్. ఈ మాటే బ్యానరు మీద వేయిస్తాను."

వేయించాడు కూడా.

సువర్చల ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లి సిస్టర్ కి చెప్పింది. "వాళ్లు తెచ్చే గ్లాసులో చుక్క పొయ్యకండి. వేడిదీ చల్లదీ ఏదీ వద్దు."

"మరి దేనికమ్మా అవి?"

"నిలిచి ఉండడానికి."

*

ప్రారంభోత్సవం జ్వరాల వార్డులోనే పెట్టారు. అప్పటికి ముప్పై ఒక్క జిల్లాలూ యంత్రంలో పడ్డాయి, ఆరొందల ఇరవై ముక్కల వ్యర్థమూ సిస్టర్ గుంత పేరు మీద వార్డు బీరువాలోకి చేరింది. ప్రతి మంచం పక్కన స్టూలు మీద ఒక మట్టిరంగు గ్లాసు, దానికొక బంతిపువ్వు. రోగులు వాటిని ముట్టుకోవద్దని హెచ్చరిక. గుమ్మం మీద బ్యానరు: 'నిలిచి ఉంటుంది.'

మంత్రిగారు వచ్చారు. నుదుట మన్ను పెట్టించుకున్నారు. కుండకి దండ వేశారు. త్రివిక్రమరావు ముప్పై ఒక్క జిల్లాల పేర్లూ వరసగా చదివాడు, ఏ జిల్లా ముందు వచ్చిందని ఎవరూ అడక్కుండా అక్షర క్రమంలో. గరుడాచలం మాట్లాడుతూ, "పటికబెల్లంలో దారం ఎలాంటిదో, పాలనలో ఈ మట్టి అలాంటిది," అన్నాడు. చప్పట్లు మోగాయి.

అంతా సవ్యంగా ముగిసేదే. కానీ మంత్రిగారికి తన చేత్తో ఒకరికి జావ తాగించాలని బుద్ధి పుట్టింది. కెమెరాలు కదిలాయి. ఆయన దగ్గర్లో ఉన్న స్టూలు మీంచి గ్లాసు తీసుకున్నాడు. అది ఎనిమిదో మంచం. తొడ గాయం ఇంకా మానని ఓబులమ్మ, ఆ గ్లాసునీ, వెనక ఆయా చేతిలో పొగలు కక్కే జావ గిన్నెనీ చూసింది. దుప్పటి మెడదాకా లాక్కుంది.

"వద్దు నాయనా. ఒకపారి తాగినా. సాలు."

గోడవార నిలబడ్డ సువర్చల ఒక్క అడుగు ముందుకి వేసింది. ఆమెకంటే ముందే సిస్టర్ ఫిలోమినా మంత్రిగారి చేతిలోంచి గ్లాసు మెత్తగా తీసేసుకుంది.

"ఇది పూజలో పెట్టిన గ్లాసు సార్. తాగడానికి ఇవిగో." బీరువాలోంచి తీసి ఉంచుకున్న తెల్లటి గ్లాసు ఆయన చేతిలో పెట్టి, నిండా జావ పోసింది. ఇంకోటి నింపి ముసలామెకి పట్టించింది.

గ్లాసు నిలబడింది. ఓబులమ్మ ముందు వేలితో తాకి చూసింది, తర్వాత రెండు చేతుల్తో పట్టుకుంది, తర్వాత తాగింది. మంత్రిగారు కూడా ఒక గుక్క తాగి, గ్లాసుని కెమెరాకేసి తిప్పారు.

"చూశారా! ఇంత వేడి జావ, చెక్కు చెదరలేదు. ఇదీ మన మట్టి బలం!"

త్రివిక్రమరావు గరుడాచలం చెవి దగ్గరికి వంగాడు. "ఇది తెల్లగా ఉందేమిటి?"

గరుడాచలానికి తెలీదు. తెలీదని చెప్పే అలవాటు అంతకన్నా లేదు. "పరిపక్వం చెందింది సార్," అన్నాడు.

సిస్టర్ తీసుకున్న మట్టి గ్లాసుని ఎవరో తడి పళ్లెంలో పెట్టారు. సభ ముగిసేసరికి ఆయా దాన్ని గుడ్డతో తుడిచేసింది.

*

గరుడాచలంగారికి ఆ నెలాఖరున 'మట్టి రత్న' బిరుదిచ్చారు. సువర్చలకి మెమో వచ్చింది. 'ఒక ప్రాజెక్టులో గ్లాసు ఆకారపు వ్యర్థ ముక్కలే ఆరు వందల ఇరవై వెలువడుట మిక్కిలి విచారకరము. కారణములు తెలుపుడు. తగ్గించు మార్గములు సూచించుడు.'

ఆమె అదే రోజు జవాబు రాసింది: 'వ్యర్థము జిల్లాల సంఖ్యను బట్టి వచ్చును. జిల్లాలు తగ్గించినచో వ్యర్థము తగ్గును.' దాన్ని త్రివిక్రమరావు చదివినట్టున్నాడు. మళ్లీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వానలు గట్టిగా పట్టుకున్నాయి. వార్డులో మంచాలు వరండా దాటి మెట్ల కిందికి వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే దస్తగిరి పేపరు తడవకుండా చొక్కాలో దోపుకుని వచ్చి ఆమె బల్ల మీద పరిచాడు.

"మేడమ్మా, ఇది సూడండి. ఏడు కొత్త జిల్లాలు."

"ముప్పై ఎనిమిది," అంది సువర్చల. "డెబ్బై ఆరు శాతం."

"అదెవురిక్కావాల? ఏడు ఇరవైలు ఎంతో సెప్పండి."

ఫోను మోగింది. సిస్టర్ ఫిలోమినా. వెనకాల దగ్గులు, బకెట్ల చప్పుడు.

"తల్లీ, బీరువాలో నలభై మిగిలినయ్. పేపరు చూశావా? ఏడేనంట! పది చేస్తామన్నారు కదా?"

"తక్కిన మూడింటి కోసం రోడ్ల మీద కూర్చున్నారటండీ, ధర్నా."

"ఎక్కడ? మనూరికి దగ్గరేనా?" అంది సిస్టర్. "డ్యూటీ దిగాక మా ఆయాల్ని కూడా పంపిస్తాను."